రెండొందల ఇరవైలో ఒకటి

కొత్తపేట ల్యాబులో పిల్ల
రబ్బరు పట్టీ కట్టి, నరం దొరక్క,
"పిడికిలి బిగించండాంటీ" అంది.
బిగించా. చిల్లర పట్టీ పట్టీ అలవాటైన చెయ్యి,
చెప్పకపోయినా మూసుకుంటుంది.

కాగితంలో వయసడిగారు. ముప్పై ఏడు.
బరువు, నెల తప్పిన తేదీ, షుగరుందా.
రెండు సీసాలు నిండాయి.
రక్తం నాదే. అందులో ఎవరి జాడ వెతుకుతారో
ఆ మనిషి ఇంకా నా బొటనవేలంత.

నాలుగో రోజుకి వచ్చింది:
రెండొందల ఇరవైలో ఒకటి.
"జబ్బని కాదు ఎస్తేరూ, అనుమానం, అంతే" అంది డాక్టరమ్మ.
అనుమానానికి ఇంత కచ్చితమైన అంకె ఉంటుందని
నాకు తెలీదు.

ఆయన ఫోన్లో లెక్కేసి "అర శాతం కూడా లేదే" అన్నాడు.
మా అత్త లెక్కలేం వెయ్యలేదు.
వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమింది,
తోమినవే.

నేను నాకు తెలిసిన లెక్క వేసుకున్నా.
మా పల్లెవెలుగులో సీట్లు యాభై ఐదు.
నాలుగు బస్సులు, నిండుగా.
పెదకాకాని, నంబూరు, కాజ...
ఒక్కో ముఖం చూసుకుంటూ వెనక్కి పోతున్నా
చెకింగ్ వాళ్లు ఎక్కినట్టు.
టికెట్ ఉన్నవాడు కూడా జేబు తడుముకుంటున్నాడు.

మంగళగిరిలో రోజూ ఎక్కుతాడు నాగూరు.
ఇరవై నాలుగేళ్లు. చిన్న కళ్లు, పొట్టి వేళ్లు,
మెళ్లో పాసు, వెనకాల వాళ్లమ్మ సైదాబీ.
నాకంటే ముందే "రైట్ రైట్" అంటాడు,
డ్రైవరు వాడి మాటకే బండి తీస్తాడు.
ఇవాళ వాడి వైపు చూడలేకపోయా.
చూడలేనందుకు సిగ్గేసింది.

సైదాబీకి సున్నా టికెట్టు కొట్టిస్తూ
అడుగుదామనుకున్నా,
మీ రోజుల్లో ఈ పరీక్షే ఉండుంటే...
నోరు రాలేదు.
ఆమె నా పొట్ట వంక చూసి
"కాసేపు కూర్చోమ్మా, అందరూ ఎక్కారులే" అంది.
వారధి మీద గాలి. కింద ఇసక, సన్నగా నీళ్లు.

గురువారం సూది. ఈసారి చేతికి కాదు, పొట్టకి.
చేయించుకుంటానో లేదో ఆయనకి చెప్పలేదు,
నాకూ చెప్పుకోలేదు.

రాత్రి డిపోలో లెక్క అప్పజెబుతుంటే
మిషన్లోంచి కాగితం పొడుగ్గా వస్తూనే ఉంది.
సగానికి సగం సున్నా టికెట్లే.
అయినా కొట్టాల్సిందే,
ఎక్కిన మనిషి ఎక్కినట్టు లెక్కలో ఉండాలి.
చించి, మడిచి,
రిపోర్టున్న సంచీలోనే వేసుకుని
ఆఖరి బస్సు కోసం నిలబడ్డా.