మూడో రోజు

మిల్లు రసీదు వెనక్కి తిప్పి
నూకరత్నం పిన్ని గీతలు కొట్టింది.
మొదటి రోజు: తెల్లారకట్ల నాలుక్కి కొత్తపేటలో బయల్దేరాలి.
గోకవరంలో టిఫిను. అక్కణ్ణుంచి అన్నీ మలుపులే గనక
పుల్లట్టు వద్దు, ఇడ్లీయే.
కిటికీ సీటు తనూజ్‌కి, వాంతి కవర్లు మామయ్య దగ్గర.
రెండో రోజు: మారేడుమిల్లి. వాగు, బొంగులో చికెను.
మోకాళ్ళ పెద్దమ్మ దిగలేదు, ఆవిడకో కుర్చీ.

మాకు ఎత్తంటే ఏటిగట్టు.
దానిమీదికి సైకిలు తోస్తేనే ఆయాసం.
పెద్దమ్మ అడిగింది:
"కొండెక్కితే మన ఊరు కనబడుద్దా?"

మూడో రోజు దగ్గర పెన్ను ఆగింది.

పితూరీ నాటి ఠాణా చూడాలని తనూజ్ పట్టు.
బళ్ళో ప్రాజెక్టంట.
"మన తాతలు కూడా కొట్లాడారా?"

అబ్బులు ముత్తాత ఆ కొండెక్కాడు, నిజమే.
సిపాయిల బియ్యం బస్తా మోసుకుంటూ,
రోజుకి నాలుగణాల కూలికి.
బాణం ఎటునుంచి వస్తుందోనని వంగి నడిచినవాడు
దిగొచ్చాక కూడా వంగే నడిచాడంట.
ఆ కూలి కూడబెట్టే మొదటి పదిసెంట్ల చెక్క.
ఆ చెక్కలో పండిన బియ్యమే పిన్ని
దారిలోకి పులిహోరకని
పొద్దున కొలిచి పక్కన పెట్టింది.

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరిగింది.

కాసేపటికి రాసింది:
మూడో రోజు, ఠాణా. తర్వాత
ఆ ఊళ్ళో ఎవరింటికైనా ఒక బస్తా బియ్యం.
ఎందుకని వాళ్ళడిగితే ఏం చెప్పాలో
రాయలేదు.
బండిలో చోటు మాత్రం లెక్కేసింది:
మామయ్యని వెనక్కి జరిపి
బస్తాకి ఒక సీటు.