ఏటి

దాలమ్మ వేలు పెట్టింది.
యంత్రం ఒప్పుకోలేదు.
కొంగుతో గట్టిగా తుడిచి మళ్లీ పెట్టింది,
తప్పంతా వేలిదే అన్నట్టు.
ఎడమ చెయ్యి. ఉంగరం వేలు. ఆఖరికి చిటికెన వేలు.
ఎర్ర లైటు.

ఇరవై రెండేళ్ల జీడిపిక్కలు
పది వేళ్ల మీది గీతల్నీ తినేశాయి.
కాశీబుగ్గ బస్టాండు వెనక నా నెట్ సెంటర్‌కి
ఇలాంటి వేళ్లు రోజుకి నాలుగైనా వస్తాయి.
"పదిరోజులు పనికెళ్లకుండా ఉండి రామ్మా" అంటాను,
అది ఎంత మాటో తెలిసి కూడా.

ఒకప్పుడిక్కడ ఆరు కంప్యూటర్లు, మధ్యన ప్లైవుడ్ గోడలు,
గంటకి ఇరవై.
టెన్తు రిజల్టు రోజు మెట్ల కిందిదాకా చెప్పులు.
నంబరు నేనే కొట్టి, నేనే చదివి చెప్పేవాణ్ణి.
ఈ ఊళ్లో ఒక తరం నా నోటిమీదుగా పాసయ్యింది.
ఇప్పుడు రిజల్టు ఎవరి జేబులో వాళ్లకే మోగుతుంది.
నాకు మిగిలింది ఒక ప్రింటరు, ఈ వేలిముద్రల డబ్బా.

దాలమ్మా ఫోను కొంది, వాయిదాల మీద.
వేలికి తెరుచుకోదు కనక
కూతురు ఢిల్లీశ్వరి చుక్కలు కలపడం చూపించింది.
"తొమ్మిది చుక్కల ముగ్గేనమ్మా."
చదువు రాదు కనక మైకు బొమ్మ చూపించింది.
"నోటితో అడుగు. సెప్తాది."

అడిగింది, నా బల్ల దగ్గరే కూచుని,
ఫోనుకి కళ్లున్నట్టు అరచెయ్యి దాని ముందు చాపి,
"నా సేతికిది ఏటి?"

ఫోను గిరగిరా తిరిగి తిరిగి
నది చూపించింది.
ఏటి గట్టు, ఏటి ఒడ్డు, ఏటిలో పడవ.
చెవిటివాళ్లకి చెప్పినట్టు మళ్లీ అరిచింది, "ఏటి?"
మళ్లీ నీళ్లు.
నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.
"మందేటని అడిగితే ఏట్లో ములగమంటాదేటి బాబూ?"

ఢిల్లీశ్వరి వచ్చి ఫోను లాక్కుంది.
గొంతు సవరించుకుని, వార్తలు చదివినట్టు,
"చేతి చర్మం ఊడిపోతే ఏమి చేయాలి?"
క్షణంలో డాక్టరమ్మ ప్రత్యక్షం.
గ్లవ్స్ వేసుకోమంది. కొన్నాళ్లు ఆ పని మానమంది.
నేను చెప్పిందే, కాస్త మంచి చీర కట్టుకుని.

దాలమ్మ డాక్టరమ్మని వినలేదు, కూతురి గొంతు వింది.
"ఈ మాటలెప్పుడు నేర్సినావే గుంటా?"

ఆ పిల్ల చెప్పలేదు. నాకు తెలుసు.
రాత్రిళ్లు డాబామీద నర్సింగు పాఠాలు వింటూ
ఫోనుకి ఏ తెలుగు తెలుస్తుందో ఆ తెలుగే నేర్చుకుంది.
నాను పోయి నేను వచ్చింది.
ఆ నేనుతోనే రేపు ఉద్యోగం వస్తుందేమో. రావాలి కూడా.
నేను మాత్రం? ఇది రాస్తున్నది ఏ తెలుగులో?
మా అమ్మ మాట కావలసివచ్చినప్పుడల్లా
దాలమ్మ దగ్గర అప్పు చేస్తున్నాను.

దాలమ్మ మానలేదు.
పిక్కలు కొట్టి వచ్చాక రోజూ ఫోనుని అదే అడిగేది.
"ఈ గుంటకి మాట రావడానికి రెండేళ్లు సెప్పలేదేటి?
దీనికీ సెప్తాను."
ఫోను నేర్చుకోలేదు.
కానీ ఆమె అన్నప్పుడల్లా తెరమీద
అవే రెండక్షరాలు వచ్చి నిలబడేవి,
పిలిస్తే పలికే కోడిపిల్లల్లాగ.

మొన్న బజార్లో నా చొక్కా పట్టుకుని ఆపింది.
బ్యాంకు పక్క గాజుగది మీద నీలంబోర్డు.
గీతల్లేని వేలు అటు చూపించి,
"బాబూ, ఇదీ ఏటేనా?"

ఏ.టి.ఎం.

అవునమ్మా అన్నాను, గొంతు పట్టేసి.
ఆమె వేలు అప్పటికే పక్కకి జరిగింది.
"మరి ఆ మూడోదేటి?"