పెరుగు దాకా

మా సంఘానికి పేరు లేదు, రసీదు పుస్తకం లేదు.
నెలకో శనివారం రాత్రి
ఒకరింటి పొయ్యి, ఆరుగురి ఆకలి.
ఆకు ఎవరిది వాళ్లే కోసుకు తెచ్చుకోవాలి.
హోటలు పొట్లం గడప దాటకూడదు.
పెరుగు వడ్డించే దాకా ఎవరూ వంటను మెచ్చుకోకూడదు.

ఈ మూడో రూలు గవర్రాజుది.
"మొదటి ముద్దకే ఆహా అన్నవాడికి
నోరుంటుంది గానీ నాలుకుండదు" అనేవాడు.
మిల్లులో ధాన్యం కాటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డవాడు,
ఉప్పు పలుకు తేడా వస్తే
ముల్లు అటు ఒరిగినట్టు తల ఒరిగేది.
ఈ కంద లంకది, ఈ బెల్లం నిరుటిది,
ఈ పులుసు కలిపిన చెయ్యి ఇవాళ ఎవరిమీదో కోపంగా ఉంది.
అన్నీ చెప్పేసేవాడు. పెరుగు వచ్చాకే.

మాఘంలో జ్వరమొచ్చింది.
పోతూ పోతూ నాలుకను పట్టుకుపోయింది.
"ఆవకాయలో మంటుందిరా, మామిడికాయ లేదు"
అన్నాడు ఫోన్లో. తర్వాత రెండు నెలలు రాలేదు.

వైశాఖంలో వంతు రూతమ్మది.
కౌశిక వంతెన దాటాక మూడో సందు,
డాబా మీద చాపలు, కరెంటు పోయింది,
కొబ్బరి మట్టల్లో గాలి వచ్చీ రానట్టు.
మెట్ల మీద అడుగుల చప్పుడు.
చంకలో చుట్టిన చక్కెరకేళి ఆకుతో గవర్రాజు.

ముద్దపప్పు, నెయ్యి,
చింతచిగురులో ఎండురొయ్యలు,
సోమిదేవమ్మ తన ఇంటి నుంచి మోసుకొచ్చిన
ఆవపెట్టిన పనసపొట్టు
("ఆ రొయ్యల గిన్నె కాస్త అటు జరపండి నాయనా"),
నాలుగు రోజుల నాటి కొత్తావకాయ.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని
కాగితం నమిలినట్టు నమిలాడు.
మేం ఆకుల్లోకి చూస్తూ కూర్చున్నాం.
"రూలు రద్దు" అన్నాడు.
"ఒక్కొక్కరూ ఎలా ఉందో చెబుతూ తినండి.
నేను వింటూ తింటాను."

"బావుంది సార్" అన్నాడు మీరా సాహెబు.
"మా ఆవిడకి రాసిన ప్రతి ఉత్తరంలో
నేనూ అదే రాశాను. బావుందంటే ఏంటి?"

సోమిదేవమ్మ కళ్లు తుడుచుకుంది, ఆవ ఘాటుకే.
"ఆవ ముందు ఊరుకుంటుంది గవర్రాజూ.
వెళ్లిపోయింది అనుకుంటావు.
వీధి చివరిదాకా పోయి, మర్చిపోయిన గొడుగు కోసం
వెనక్కొచ్చినట్టు ముక్కులోకి వస్తుంది."

మీరా సాహెబు గొంతు సవరించుకున్నాడు.
"చింతచిగురు పులుపు కాదు సార్, పులుపుకి మేనకోడలు.
నాలిక అంచు గిల్లి పారిపోద్ది.
రొయ్య మాత్రం కదలదు, అప్పిచ్చినోడిలా అక్కడే కూకుంటది."

లోవకుమారి మిషను కుట్టే వేళ్లతో పప్పు కలుపుతూ
"లైనింగేసిన జాకెట్టండీ ఈ నెయ్యి.
పైకి కనపడదు. లోపల ఒంటికి తెలుస్తుంది."

నా వంతు.
లాకుల మీద తలుపులెత్తినవాణ్ణి, నాకేం మాటలొస్తాయి?
"ఆవకాయ ఇంకా ఊరలేదు" అన్నాను.
"లాకులో పడవ చూశావుగా,
అటు నీళ్లూ ఇటు నీళ్లూ ఒక మట్టానికొచ్చే దాకా ఊగుతుంది.
ఉప్పు ఒకవైపుంది, పులుపు ఒకవైపుంది.
పది రోజులాగితే తలుపు తియ్యొచ్చు."

"ఆయ్" అన్నాడు కళ్లు మూసుకుని. "ఆయ్..."
దవడ నెమ్మదిగా కదులుతోంది.
ఏం నములుతున్నాడో మాకు తెలీదు.

కళ్లు తెరిచాడు. లాంతరు వెలుగులో
మా ఆకుల మీదుగా ఓసారి చూపు తిప్పాడు.
"రూతమ్మా, పప్పులో ఉప్పు తగ్గింది."
గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది.
"మీకెలా తెలిసింది?"
"ముగ్గురి చేతులు రెండోసారి ఊరగాయ మీదికెళ్లాయి."

రూతమ్మ నవ్వుకుంటూ ఉప్పు కోసం కిందికి దిగింది.
మెట్ల మలుపు దగ్గర ఆ నవ్వు కాస్త ఆలస్యమైంది.
పెరుగొచ్చేసరికి మెచ్చుకోడానికి
ఎవరి దగ్గరా ఏం మిగల్లేదు.
గవర్రాజు ఆకు తనవైపుకే మడిచి లేచాడు.

వచ్చే నెల మా ఇంట్లో, బొమ్మిడాయిల పులుసు.
చేప రేవులో దొరుకుతుంది, చింతపండు ఇంట్లో ఉంది.
గొంతులోకి అది జారే ఆ జారుడుకి
ఒక్క మాట దొరక్క
రోజూ సాయంత్రం కాలవ గట్టు మీద తిరుగుతున్నాను.