పోయకుండానే పెరిగింది

రాత్రి రెండింటికి
నాలుగో ట్యాంకు మట్టం నాలుగు వందల పన్నెండు.
పోయిన వారం నాలుగు వందల పది.
మధ్యలో ఎవరూ చుక్క పోయలేదు.

ఛత్రపురం స్టేషన్లో గూడ్సు కూత ఆగాక
సముద్రం మళ్లీ వినిపిస్తుంది.
సరుగుడు తోటకి ఇవతల తెల్ల లైట్లు,
లైట్ల కింద ఆరు ట్యాంకులు, ఆరు మూతలు,
ఒక్కో మూతకి ఒక్కో ముక్కు.
లోపలి గాలిని వడగట్టి వదిలే గొట్టం.

"గేజు తప్పు చూపిస్తున్నట్టుంది, నార్మల్ అని రాసెయ్"
అన్నాడు బెహెరా బాబు.
చెడ్డవాడేం కాదు.
తెల్లారితే బరంపురంలో కూతురికి ఆపరేషను,
కళ్లు ఫోను మీద ఉన్నాయి.

మా అమ్మ పఖాళ కుండకి
గుడ్డ వాసెన కట్టేదే గాని మూత బిగించేది కాదు.
"పులిసేదానికి ఊపిరాడాలే గుంటా."
ఇది కూడా పులుస్తోంది.
పైన అట్ట కట్టింది.
దాని కింద పుట్టిన గాలి బయటికి రాలేక
అట్టనే భుజాన మోసుకుని లేస్తోంది.
నూటికి నాలుగు పాళ్లు పోగైతే
ఒక్క నిప్పురవ్వ చాలు, అని ట్రైనింగులో చెప్పారు.
లోపల ఏమేం ఉందో మాత్రం ఎవరూ చెప్పలేదు.
పాత రిజిస్టరు ఉప్పుగాలికి ఉబ్బిపోయి
సరిగ్గా ఆ పేజీలే ఒకదానికొకటి అంటుకుపోయాయి.

అందుకే డ్యూటీకి వచ్చే ముందు
సూరాడ దానయ్య మామ ఇంటికి వెళ్లాను.
రిటైరై పదమూడేళ్లు. చేతిలో వలసూది.
తలెత్తకుండానే చెప్పాడు:

"పెద్ద తుపానుకి ముందర రోజు.
లారీ గేటుకాడ నిలబడిపోనాది.
ఐదు డ్రమ్ములు, కిరసనాయిలు కంపు.
ఎక్కడ పొయ్యాలంటే, నాలుగులో జాగా ఉందన్నారు.
పోసీసినాం."

ఎవరికైనా చెప్పావా మామా?

"అడిగినోడేడీ?"

లోపల ముందునుంచీ ఉన్నవి లవణాలు.
కాగితే తమలోని ప్రాణవాయువుని
మంట చేతిలో పెట్టే రకం.
వాటి పక్కన ఐదు డ్రమ్ముల నూనె.
తడిగా, చల్లగా ఉన్నంతకాలం
ఆ రెంటికీ మాటల్లేవు.
వేడి, నిరుడు నలభై ఒకటి. ఇవాళ నలభై ఎనిమిది.

రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు
గుడ్లు పెట్టి, ఇసక కప్పి,
వెనక్కి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోతాయి.
పూడ్చి వెళ్లిపోవడం వాటికి చెల్లింది.

నార్మల్ అని రాయలేదు.
ఐదు డ్రమ్ములకి గడి లేదు ఆ ఫారంలో.
రిమార్కుల్లో మొదలుపెట్టి, అంచు దాటి,
కాగితం వెనక్కి తిప్పి, తెలుగులోనే రాశాను,
కంపుతో సహా.

బెహెరా బాబు చదివించుకుని విన్నాడు.
"సొతొ కి?" అన్నాడు, చాలాసేపటికి.
ఫోనులో కూతురి బొమ్మ పక్కకి జరిపి
పెద్దాఫీసు నంబరు వెతికాడు.
మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.
మళ్లీ కొట్టాడు.

మూడు గంటలకి: మట్టం నాలుగు వందల పన్నెండు.
వేడి నలభై ఎనిమిది.
హైడ్రోజన్ ఒకటి పాయింటు రెండు.
చదివేవాళ్లకి:
నా రాత అర్థం కాకపోతే
చోడిపల్లి రమణిని అడగండి.
పోడంపేట కొత్త కాలనీ,
నీలం తలుపు.