పడుగు సందు

కొత్తవాడల మూడో బజారు ఎనుక ఒక సందున్నది.
ఫోన్ల మ్యాపు దాన్ని జూపియ్యదు,
కార్పొరేషన్ కాయితంల అది
నాలా పక్క ఖాళీ జాగ.
పోచమ్మ మైదాన్ కాడ గిరాకీ ఎక్కితే
"అండ్లకు బండి పోదు, ఈన్నే దిగుర్రి" అంట నేను.
పదేండ్ల సంది ఇదే మాట, ఆటో మలుపుకుంట.

సుమయ్య అచ్చింది, కాలేజి పిల్ల.
మూడు కాళ్ల కర్ర మీద గుండ్రటి కెమెరా,
దానికి సుట్టూ కండ్లే.
"ఏ దిక్కు జూడాలె బిడ్డా?" రాజవీరు మీసం సదురుకున్నడు.
"దీనికి ఈపు లేదు బాపూ, అన్ని దిక్కులూ మొకమే."
గంతే, అందరూ తలుపుల సాటుకు ఉరికిన్రు.
ఒక కోడి మిగిలింది, గంజి బకీటు మిగిలింది.
"అయ్యో, దాక్కోవాల్సింది మీరు కాదు, నేను!"
పిల్ల అచ్చి నా ఆటో ఎనుక కూసున్నది.
నేను గూడ కూసున్న.

అప్పుడు సాపిన్రు పడుగు,
ఈ గోడ కొక్కెం నుంచి ఆ కరెంటు స్తంభం దాక,
ఎర్రది, పచ్చది, నడుమ తెల్లది.
గంజి నీళ్లు నేల మీదికి చుక్క చుక్క.
బడికి బోయే పోరగాండ్లు నూలు కిందికెళ్లి వంగి ఉరికిన్రు,
ఒక్కని బ్యాగు గూడ దారానికి తాకలేదు.
ఎవలో ఎవల్నో తిట్టిన్రు.
ఎవలో ఉప్పు అడిగిన్రు,
పడుగు మీదికెళ్లే అందింది గిన్నె.
రోజూ జూసేదే ఇదంత.
జూసిన అనుకున్నదే.

ఆదివారం సంఘం ఆఫీసుల
కండ్లకు కట్టుకునే డబ్బాలు నాలుగు.
రాజవీరు కుర్చీల గిర్రున తిరిగి
"నా నెత్తి ఎనుక గింత బట్టతల ఉన్నదా!" అన్నడు,
ఆఫీసంత నవ్వింది.

బుచ్చిరాజమ్మకు తొడిగిన్రు.
మగ్గం ఇడిసి నాలుగేండ్లు,
మోకాళ్లు గడప దాటనిస్తలేవు.
కూసున్నదల్ల సప్పున తల వంచింది,
నెత్తికి నూలు తగుల్తదని.
ఈసారి ఎవ్వలం నవ్వలేదు.
"గంజి వాసన అస్తలేదేంది?"
సుమయ్య గోరు కొరుక్కున్నది.
"ఆగుర్రి, ఆగుర్రి... పచ్చ పోగు తెగింది,
ఎవ్వలు జూస్తలేరా?"

చెయ్యి సాపింది.
బొటనేలూ సూపుడేలూ గాలిల కలిసినయి,
మెలి పెట్టినయి.
బయట నా ఆటోల ఎవడో హారన్ కొడుతున్నడు.
ముడి పడేదాక
ఒక్కలం కదల్లేదు.