పదకొండు జీబీ

రాంనగర్ చేపల మార్కెట్ వెనక సందులో డీటీపీ షాపు.
బోర్డు మీద పేరు ఓనరు కూతురిది. కుర్చీ నాది.
తొమ్మిదేళ్లుగా ఒకే డిస్కు, అంతా సీ డ్రైవే.
పెద్దమ్మల పేర్లు తారుమారైన శుభలేఖలు,
యూనిట్ టెస్టు పేపర్లు, దశదిన కర్మ కార్డులు,
బోనాల ఫ్లెక్సీల్లో నవ్వే గల్లీ లీడర్లు,
"ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్".
ఈ సందడిలో ఎక్కడో
నేను రాసుకున్న నాలుగు ముక్కలు,
కరెంటు బిల్లుల ఫోల్డర్లో
"రసీదు 7" అనే దొంగపేరుతో.

చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి జహీర్‌ని పిలిపించాను.
"నాకొక డ్రైవు విడిగా కావాలె. చిన్నదైనా సరే."
"ఖాళీ డిస్కయితే రెండు నిమిషాల పని అక్కా.
ఇది కాపురమున్న ఇల్లు."

మేముండే పోర్షన్ పుట్టింది కూడా అట్లనే.
లోపల జనం అన్నం తింటుండగానే
హాలు నడుమ ప్లైవుడ్ నిలబెట్టించాడట ఇంటాయన.
పక్కవాళ్ల ఫ్యాను గాలికి
మా క్యాలెండరు ఇప్పటికీ కదులుతుంది.

"బ్యాకప్ తీసినవా?"
గ్యాస్ కట్టినవా అన్నట్టు మూడుసార్లు అడిగాడు.
యూపీఎస్ మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరం చూసినట్టు.
తర్వాత నొక్కాడు.

అరవై జీబీ ఖాళీగా ఉంది.
ఇస్తానన్నది పదకొండు.

"నడుమల ఒక ఫైలు కూసున్నది. జరగదంట."

పొద్దున ఎనిమిదింటి బస్సు.
వెనక సగం ఖాళీ,
నడుమ రాడ్డు పట్టుకొని ఒకాయన.
జర జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి
అని కండక్టరమ్మ గొంతు పోగొట్టుకుంటుంది.
ఆయన స్టాపు వచ్చేదాకా ఆయన జరగడు.

"తీసేస్తే?"
"మిషనే లేవకపోవచ్చు.
ఎవరు దేన్ని మోస్తున్నరో తెల్వకుండ తియ్యొద్దక్కా."

సరే, పదకొండే కానీ.

తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.
బయట కొరమీను బేరం తెగడం లేదు.
అప్పుడే దిగాడు నోముల సారు,
పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు పోయిందని.
ఇప్పుడు ముట్టుకోవద్దు, కూర్చోండి అన్నాను.
ఈ షాపులో నేనొకరిని కూర్చోమని ఆపడం
అదే మొదలు. ఆయన కూర్చున్నాడు కూడా.

డి అక్షరం ఎప్పుడో చచ్చిన సీడీ డ్రైవు పేరు మీదుందట.
నాకు ఇ వచ్చింది.
"పేరేం పెట్టాలె?"
ఉండనీ అన్నాను.

మూడొందల యాభై తీసుకొని, చాయ్ తాగి జహీర్ పోయాడు.
సారుకు ఒత్తు పెట్టి పంపాను.
"రసీదు 7"ను వెంటనే తేలేదు.
ముందు ఆ కొత్త డ్రైవు తెరిచాను.
ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది
అని ఒకటే వాక్యం, తెల్లటి నడిమధ్యన.
ప్రూఫు చూసే అలవాటున
రెండుసార్లు చదివాను.

తప్పుల్లేవు.