ఎదురు నీళ్లు

ద్రాక్షరసం ముప్పై నాలుగు డిగ్రీలతో వస్తుంది.
మిట్టమధ్యాహ్నం కోసిన రకాత్సితేలి,
ట్రక్కు అడుగున నలిగి, దారిలోనే బుసలు మొదలెట్టిన రసం.
ఒమార్ అంటాడు: పద్దెనిమిదికి దించు, జుజునా,
లేకపోతే తెల్లారేసరికి నా తొట్టెల్లో వైను ఉండదు,
ఈస్టు తాగి వాగిన సొద ఉంటుంది.

పద్దెనిమిది. నోటితో దించడం తేలిక.
నా దగ్గరున్నవి: కొండ మీంచి దిగే ఊటనీళ్లు, పన్నెండు డిగ్రీలు.
మూతబడ్డ రుస్తావి ఫ్యాక్టరీ నుంచి
ఆఖరి జీతానికి బదులు తెచ్చుకున్న స్లైడ్ రూల్.
వెల్డర్ అవ్తాండిల్, అతని పెదవికి అంటుకుని ఆరిన సిగరెట్టు.
పాత పాలకేంద్రం పెరట్లో స్టీలు గొట్టాలు, పదకొండు.
పన్నెండోది ఎవరో తీగపందిరికి పాతుకున్నారు.

గొట్టంలో గొట్టం.
ఇంతకంటే పేద యంత్రం లేదు.
లోపల రసం, చుట్టూ నీళ్లు,
నడుమ రెండు మిల్లీమీటర్ల గోడ.
ఒకరి ఒంటి వేడి ఒకరికి తెలియాలి,
ఒకరి చుక్క ఒకరిలో పడకూడదు.

వంటింటి బల్ల మీద జున్ను పళ్లెం పక్కకి నెట్టి
లెక్క వేస్తాను.
లావు గొట్టమైతే రసం సోమరిగా సాగుతుంది,
గోడ నానుకున్న పొర అక్కడే కునుకు తీస్తుంది,
చల్లదనం నడిమికి చేరదు.
సన్నదైతే సుడులు తిరిగి వేడి వదులుతుంది,
కానీ పంపు మూలుగుతుంది, తొక్కలు అడ్డం పడతాయి.
యాభై మిల్లీమీటర్లు. కాదు, అరవై.
మళ్లీ యాభై.
రబ్బరు కాగితాన్నే చింపేసింది.

ఆపైన మురికి లెక్క.
పుస్తకంలో అది చిన్న అంకె,
దశాంశం తర్వాత మూడు సున్నాలు దాటాక గానీ కనబడదు.
ఆ సున్నాల వెనక ఏముందో నాకు తెలుసు:
తొక్కలు, గింజలు, చక్కెర జిగురు,
కడగడం రేపటికి వాయిదా వేసే మనుషులు.
రుస్తావిలో ఒకసారి నేనే వాయిదా వేశాను, ఎవరిదో పెళ్లి ఉందని.
ఎవరూ చావలేదు. అంతవరకే చెబుతాను.

అందుకే వంపుల దగ్గర వెల్డింగు వద్దన్నాను.
బోల్టులు పెట్టు, అవ్తాండిల్.
విప్పి చూస్తే ఆ చివరి వెలుతురు ఈ చివరికి కనబడాలి.
బోల్టులకి డబ్బెవరిస్తారన్నాడు.
నా వాటా ద్రాక్షలో కొట్టెయ్యమన్నాను.

మొదటి రాత్రి పంపు తిరిగింది.
ముల్లు ఇరవై ఒకటిన్నర దగ్గర ఆగింది. ఇంక కదల్లేదు.
ఒమార్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ.
నా కాగితం నేనే నాలుగుసార్లు చదివాను.
తర్వాత టార్చి పట్టుకుని గొట్టం వెంట నడిచాను.
నీళ్ల పైపు తప్పు చివర తగిలించారు.
రెండూ ఒకే గుమ్మంలోంచి దూరి ఒకే వైపు పోతున్నాయి.
మొదట్లో పెద్ద సంబరం, ముప్పై నాలుగు పక్కన పన్నెండు.
సగం దూరానికే ఇద్దరూ సర్దుకున్నారు,
మిగతా దారంతా ఊరికే కలిసి నడిచారు,
ఇచ్చేందుకు ఏమీ లేక.
మా ఆయన వఖ్తాంగ్ గుర్తొచ్చాడు. ఎందుకని అడగొద్దు.

పైపు తీసి అటు చివర బిగించాం.
ఇప్పుడు నీళ్లు రసానికి ఎదురు నడుస్తాయి.
అలసిన నీటికి ఇంకా కాగే రసం తగులుతుంది,
తగ్గిన రసానికి ఇంకా చల్లని నీరు.
ఆఖరి మూర దాకా
ఇచ్చిపుచ్చుకునేందుకు ఏదో కొంత మిగిలే ఉంటుంది.

ఇరవై. పంతొమ్మిది. పద్దెనిమిది.
పదిహేడు.
ఒక డిగ్రీ ఎక్కువ దించావే అన్నాడు ఒమార్.
అది మురికి వాటా. మూడో వారానికల్లా తినేస్తుంది.

గోరువెచ్చబడిన నీళ్లు కాలవలో పడుతున్నాయి.
అవ్తాండిల్ బూట్లు విప్పి పాదాలు పెట్టాడు.
ఇవాళ మధ్యాహ్నం తోటల మీద కాసిన ఎండ అది,
చీకట్లో అతని మడమలు తడుపుతోంది.
నేనూ పక్కన కూర్చున్నాను.
మూడో వంపు దగ్గర ఒక బోల్టు చుక్క చుక్కగా కారుతోంది.
పొద్దున చూస్తాను.
కాదు, ఇప్పుడే. స్పానర్ ఇటివ్వు.